నిమిషంన్నర వీడియో, పీరియడంతా ప్రశ్నలు

ఎడిటర్ గారికి,

పోయిన వారం ఏడో తరగతి పిల్లలకి గిజిగాడు గూడు అల్లే వీడియో ఒకటి వేశాను, మొత్తం నిమిషంన్నర ఉంటుందంతే. మగపిట్ట పొడవాటి ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ చివర పట్టుకుని ఎగరగానే సన్నటి పీలిక సర్రున చీలి వచ్చేస్తుంది. దాన్ని కొమ్మ దగ్గరికి తెచ్చి, కాలితో అదిమిపట్టి, ముక్కుతో దూర్చి లాగి ముడి వేస్తుంది. అక్కడ ఆపాను. "టీచర్, వెనక్కి తిప్పండి, కాలితో ఎలా పట్టుకుందో సరిగ్గా చూడలేదు" అన్నాడొక పిల్లాడు. మూడుసార్లు తిప్పించారు. గూడు సగంలో, హెల్మెట్ బోర్లించినట్టు ఉన్నప్పుడే ఆడపిట్ట వచ్చి లోపలంతా లాగి చూస్తుంటే, "ఇంకా పూర్తవలేదుగా, అప్పుడే ఎందుకొచ్చింది?" అని వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది. దానికి నచ్చకపోతే మిగతా సగం కట్టడం దండగ కదా అని ఇంకో పిల్లే జవాబు చెప్పింది. గూడు బొమ్మ పెట్టుకుని ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఈ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు.

పిల్లలు వీడియోలు చూసి పాడైపోతున్నారని అందరం అంటున్నాం కాబట్టి ఈ మాట చెప్పాలనిపించింది. గంట సేపు నడిచే డాక్యుమెంటరీ వేస్తే చూస్తారు, చూస్తూ ఉండిపోతారు, అడగడానికి సందు దొరకదు. చిన్న ముక్క అయితే ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, నెమ్మదిగా నడపొచ్చు. అసలు కంటికి అందని కదలికను పట్టుకోవాలనే కదా ఇదంతా మొదలైంది! దౌడు తీసే గుర్రానికి నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల వదులుతాయా అన్న వాదన తేలింది 1878లో, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరుసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీశాకే. వదులుతాయి, అదీ కాళ్ళు చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు.

అయితే దొరికిన వీడియోనల్లా క్లాసులో వేయకూడదు. స్లో లోరిస్ అనే జంతువుకి చక్కిలిగిలి పెడితే చేతులు పైకెత్తే వీడియో మీరూ చూసే ఉంటారు. నేను దాన్ని ఒకసారి పిల్లలకి చూపించాను, అందరం ముచ్చటపడ్డాం. తర్వాత తెలిసింది, అది సంతోషం కాదు, భయం. దాని మోచేతి దగ్గర లోపలి వైపు ఒక గ్రంథి ఉంటుంది, అందులోంచి వచ్చే ద్రవం ఉమ్మితో కలిసి విషమవుతుంది, ప్రమాదం అనుకున్నప్పుడు ఆ ద్రవం నోటికి అందేలా చేతులెత్తుతుంది. పెంచుకునేవాళ్ళకి అమ్మడానికి పట్టుకున్న లోరిస్‌లకి చాలాసార్లు పళ్ళు కూడా కత్తిరించేస్తారు. ఆ సంగతి పిల్లలకి మళ్ళీ కూర్చోబెట్టి చెప్పాను, ఆ రోజు క్లాసు చాలాసేపు నిశ్శబ్దంగా ఉంది.

ఇంకోటి, వేట. సింహం రోజులో దాదాపు 20 గంటలు విశ్రాంతిలోనే గడుపుతుంది, వేటకి దిగినా ఎక్కువసార్లు ఖాళీగానే వెనక్కి వస్తుంది. చిన్న వీడియోల్లో మాత్రం ప్రతిసారీ జింక మెడ దొరికిపోతుంది. దానికి తోడు చప్పుళ్ళు, సంగీతం! దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసినప్పుడు జంతువు అడుగుల చప్పుడు రికార్డు కాదు, చాలావరకు స్టూడియోలో తర్వాత కలుపుతారు. పాము కనబడగానే భయంకరమైన మ్యూజిక్ వస్తే పిల్లలు పాముని కాదు, ఆ భయాన్నే గుర్తుపెట్టుకుంటారు. అందుకే నేను మొదటిసారి సౌండ్ తీసేసి వేస్తాను. ఏం చూశారో వాళ్ళ చేత చెప్పించాకే సౌండ్ పెడతాను. ఏ ఖర్చూ లేని పని, ఏ టీచరైనా రేపే చేసి చూడొచ్చు.

మోసం కూడా ఉంది, ఈనాటిది కాదు. 1958లో వచ్చిన ఒక పేరున్న డాక్యుమెంటరీలో లెమ్మింగ్‌లు అనే ఎలుకల్లాంటి చిన్న జంతువులు గుంపుగా నీళ్ళలో దూకి చచ్చిపోతున్నట్టు చూపించారు, నిజానికి వాటిని వేరే చోట నుంచి కొని తెచ్చి తోసేశారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. 2025లో అందరి ఫోన్లలో తిరిగిన వీడియోలో, ట్రాంపోలిన్ (ఎగిరి గంతులేసే సాగే పట్టా) మీద గంతులేసిన కుందేళ్ళయితే అసలు లేనే లేవు, ఏఐతో చేసిన బొమ్మలు. పెద్దవాళ్ళం మనమే నమ్మేశాం, పిల్లలనేం అంటాం?

చీమల బారు వీడియో చూపించిన రోజు, స్కూలు గోడ మీద నిజమైన బారు దగ్గరికి తీసుకెళ్ళి, తడిగుడ్డతో ఒక జానెడు మేర తుడవమన్నాను. చీమలు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగి, మీసాలు ఆడిస్తూ, అటూ ఇటూ తిరిగాయి. వాసన దారి తెగిపోయిందని నేను చెప్పకముందే వీడియో గుర్తొచ్చి ఇద్దరు ముగ్గురు అరిచారు. కాసేపటికి ఒక చీమ దాటింది, దాని వెనక మిగతావి. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

మీ పత్రిక వెబ్‌సైట్‌లో రోజూ జంతువుల వీడియోలు పెడుతుంటారు, టీచర్లం చాలామంది అక్కడి నుంచే తీసుకుంటాం. ప్రతి వీడియో కింద ఆ జంతువు పేరు, ఎక్కడ తీశారు, అడవిలోనా, జూలోనా, ఎవరైనా పెంచుకుంటున్నదా, ఈ నాలుగు ముక్కలు రాయండి. తెలియకపోతే తెలియదని రాసినా పర్వాలేదు, దాన్ని క్లాసులో వేయకుండా ఆగుతాం.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచర్