ప్రతి చాయ్‌కి రెండు బిస్కెట్లు: విద్యాశాఖ మంత్రి గారికి ఒక లెక్కల సారు బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక సర్కారు బడిలో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్తాను. బదిలీ కోసమో డీఏ కోసమో రాస్తున్న ఉత్తరం కాదిది. పదో తరగతి ప్రశ్నపత్రంలో, మాటల్లో ఇచ్చిన లెక్కను సమీకరణంగా రాసినందుకు ఇవ్వాల్సిన రెండంటే రెండు మార్కుల గురించి.

రేఖీయ సమీకరణాల పాఠం మొదలుపెట్టిన రోజు బోర్డు మీద ఇలా రాశాను: "హోటల్లో ప్రతి చాయ్‌కి రెండు ఉస్మానియా బిస్కెట్లు ఇస్తారు. చాయ్‌ల సంఖ్య ఎక్స్, బిస్కెట్ల సంఖ్య వై. సమీకరణం రాయండి." నలభై మందిలో పాతిక మందికి పైగా ఎక్స్ = 2వై అని రాశారు. అందులో ఎప్పుడూ ఫస్టొచ్చే అమ్మాయి కూడా ఉంది. మాటలు ఏ వరసలో వస్తే ఆ వరసలోనే అక్షరాలు పేర్చేశారు. పది చాయ్‌లు చెప్తే ఎన్ని బిస్కెట్లు వస్తాయని అడిగితే క్లాసంతా "ఇరవై" అని అరిచింది. మరి మీ సమీకరణంలో ఎక్స్ బదులు 10 వేసి చూడమన్నాను. అయిదు వచ్చింది. రాయాల్సింది వై = 2ఎక్స్. ఆ అమ్మాయి కాసేపు నోట్‌బుక్ వంక చూసి, "ఎక్స్ అంటే చాయ్ అనుకున్న సార్, ఎన్ని చాయ్‌లో అనుకోలే" అంది. పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఇదే పిల్లలకు రెండు సమీకరణాలు తయారుగా ఇస్తే చిటికెలో సాధించేస్తారు. అంత సాధన చేయిస్తున్నాం మరి.

మర్నాడు ఆటో లెక్క ఇచ్చాను. 2014లో ఖరారైన మీటరు ఛార్జీ: మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఎక్స్ కిలోమీటర్లు పోతే ఛార్జీ వై రూపాయలు. చాలామంది వై = 20 + 11ఎక్స్ అన్నారు. అలాగైతే ఏడు కిలోమీటర్లకు 97 రూపాయలు. మొదటి 1.6 కిలోమీటర్ల డబ్బు ఆ ఇరవైలోనే ఉంది కదా! అసలు రావాల్సింది 20 + 11(ఎక్స్ − 1.6), అంటే 79 రూపాయల 40 పైసలు. ఆటో నడిపే ఆయన కొడుకు చెయ్యెత్తి, "మా నాయిన మీటరెయ్యడు సార్, మాట్లాడుకుంటడు" అన్నాడు. దానికి నా దగ్గర సమీకరణం లేదు.

నేను అడిగేది చిన్నది. సాధించక్కర్లేకుండా, సమీకరణం రాస్తే చాలు అనే ప్రశ్న ఒకటి ఏటా ఇప్పించండి. ఎక్స్ దేని సంఖ్యో, ఏ కొలతలోనో చెప్పినందుకు ఒక మార్కు, సమీకరణానికి ఒక మార్కు. పరీక్షలో రాని దాన్ని క్లాసులో చెప్పడానికి సిలబస్ ఒత్తిడిలో మాకు తీరిక చిక్కదు, ఉన్న మాట చెప్తున్నాను. గ్రాఫు గీస్తే ఒకే సరళరేఖ రానివీ అడగండి. మెట్రో టికెట్ మెట్లు మెట్లుగా పెరుగుతుంది, కరెంటు బిల్లు స్లాబు మారగానే గీత వాలు మారుతుంది. అది కనిపెట్టిన పిల్లలకు మార్కు పోకూడదు.

మీటరు సంగతి మాత్రం రవాణా మంత్రి గారికి వేరే రాసుకుంటాను.

ఇట్లు,
ఒక లెక్కల సారు, హైదరాబాద్