విడుదలకు ఆర్నెల్ల ముందు: 2024-25 వార్షిక నివేదిక

మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పంద్రాగస్టుకీ గాంధీ జయంతికీ జైలుకు వెళ్లి, పండ్లూ స్వీట్లూ పంచి, ఫొటో దిగి రావడం మానేద్దామని పోయిన సర్వసభ్య సమావేశంలో మీరే తీర్మానం చేశారు. ఆ డబ్బూ ఆ శ్రమా విడుదల దగ్గరపడ్డ ఖైదీల మీద పెట్టమన్నారు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆ పని ఎలా నడిచిందో ఇందులో ఉంది. ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం కాబట్టి ఇక్కడ రూపాయల ప్రస్తావన పెద్దగా లేదు.

మనం ఇంకా సర్దుకుంటూ ఉండగానే జూలై వచ్చేసింది. 2024 జూలై మొదటి వారంలో తెలంగాణ ప్రభుత్వం క్షమాభిక్షతో 213 మంది ఖైదీలను విడుదల చేసింది. వాళ్లలో ఎక్కువమంది జీవిత ఖైదు పడ్డవాళ్లు. జీవిత ఖైదంటే పద్నాలుగేళ్లని మనలో చాలామంది అనుకుంటాం. చట్టం లెక్కలో అది బతికినంత కాలం. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో జీవిత ఖైదు పడితే, ప్రభుత్వం శిక్ష తగ్గించాలన్నా ముందు పద్నాలుగేళ్లు జైల్లో గడిచి ఉండాలని పాత నేర విచారణ చట్టమైన సీఆర్‌పీసీ 433ఏ సెక్షన్ చెప్పేది. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే 475వ సెక్షన్. రాజ్యాంగం 161వ అధికరణ కింద గవర్నరుకున్న అధికారం దీనికి వేరు. ఇన్ని మెలికల మధ్య, తనకు గేటు ఎప్పుడు తెరుస్తారో లోపలున్న మనిషికి తెలియదు. ఏళ్ల తరబడి ప్రతి జనవరి 26కీ ప్రతి ఆగస్టు 15కీ జాబితా కోసం ఎదురుచూస్తాడు. తీరా పేరు వచ్చాక, బయటి బతుకు గురించి ఆలోచించుకునేందుకు మిగిలేది కొద్ది రోజులే. పైగా పూచీకత్తు రాసివ్వాలి, మూణ్ణెల్లకోసారి జిల్లా ప్రొబేషన్ అధికారి ముందు హాజరు కావాలి. షరతు తప్పితే మళ్లీ లోపలికి పంపే అధికారం ప్రభుత్వానికి ఉంది.

అందుకే విడుదల రోజున గేటు దగ్గర నిలబడి స్వాగతం చెప్పే పని కన్నా, ఆర్నెల్ల ముందే లోపలికి వెళ్లి మొదలుపెట్టే పని మేలని కార్యవర్గం నిర్ణయించింది. ఈ ఏడాది అనుభవం ఆ నిర్ణయాన్ని ఇంకా గట్టిపరిచింది.

కాగితాలు

చంచల్‌గూడ మహిళా జైలు నుంచి విడుదలైన ఒకావిడను ఊరికి చేర్చడానికి మన సభ్యురాలు తోడు వెళ్లారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదన్న సంగతి ఆవిడ లోపల టీవీలోనే చూసింది. ఆ హుషారుతోనే బస్సెక్కింది. కండక్టరు, "ఆధార్ చూపియ్యమ్మా, జీరో టికెట్ కొడత" అంది. ఆవిడ సంచీలోంచి విడుదల పత్రం తీసి ఇచ్చింది. జైలు ముద్ర చూసిన కండక్టరు గొంతు తగ్గించి, "ఇది అందరికి చూపియ్యకక్కా, లోపల పెట్టుకో" అని టికెట్ కొట్టింది. డబ్బులు మన సభ్యురాలు ఇచ్చారు.

ఆవిడకు ఆధార్ లేక కాదు. జైల్లో పెట్టిన శిబిరంలో నంబరు వచ్చింది. కార్డు అన్నగారింట్లో ఎక్కడో ఉంది. నంబరుకు ఫోను జతకాలేదు కాబట్టి ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే కార్డు దిగదు. బ్యాంకు ఖాతా సంగతీ అంతే. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రపోతుంది, లేపాలంటే మళ్లీ కేవైసీ, అంటే గుర్తింపు ధ్రువీకరణ, కావాలి, కేవైసీకి చిరునామా కావాలి. లోపల చేసిన పనికి వచ్చిన కూలి డబ్బు ఖాతాలోనే ఉంటుంది, చేతికి మాత్రం రాదు. ఒక బ్యాంకు శాఖలో మన సభ్యులను కౌంటర్ నుంచి కౌంటర్‌కు తిప్పి, చివరికి "ఊళ్లో బ్రాంచికి పొండి" అన్నారు. ఆ మనిషికి ఊరే లేదు. రేషన్ కార్డులో పేరు ఎప్పుడో తీసేసి ఉంటుంది, లేదా ఈ-కేవైసీ కాక ఆగి ఉంటుంది. ఈ జనవరిలో గ్రామసభల్లో కొత్త కార్డులకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు మనవాళ్లు కొందరికి దగ్గరుండి రాయించారు.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది. సూపరింటెండెంట్ గారి అనుమతితో, విడుదల దగ్గరపడ్డ ప్రతి ఒక్కరికీ లోపలే ఒక ఫైలు తయారవుతుంది. ఆధార్ నకలు, కుటుంబంలో నమ్మకమైన వాళ్ల ఫోను నంబరు, బ్యాంకు పాసుబుక్కు, శిక్ష ఆదేశం నకలు, వాడుతున్న మందుల చీటీ అందులో ఉంటాయి. మందుల చీటీని ఎవరూ పట్టించుకోరు గానీ, మనసు జబ్బుకో క్షయకో మందులు మింగుతున్నవాళ్లకు గేటు దాటిన రోజే మందు ఆగిపోతుంది. మరుసటి వారం ఎర్రగడ్డ ఆసుపత్రికో దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్లడం మన పనుల్లో చేర్చాం. ఓటు సంగతి కూడా చెబుతున్నాం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) జైల్లో ఉన్నంత వరకే ఓటు వేయనివ్వదు. బయటికొచ్చాక జాబితాలో పేరు లేకపోతే ఫారం 6 నింపాలి. ఈ మాట చెప్పినప్పుడు ఒకాయన, "మాకు మళ్ల ఓటుంటదా సారూ?" అని రెండుసార్లు అడిగాడు.

ఫోను నేర్పడం ఒక తమాషా. లోపల ఫోను నిషేధం. అందుకని మన కాలనీ ఇంజినీరింగ్ విద్యార్థులు చార్టు పేపర్ల మీద ఫోన్‌పే తెరను పెద్దగా గీసి తీసుకెళ్లారు. క్యూఆర్ కోడు బొమ్మ, నంబర్ల పలక, పిన్ను గడులు అన్నీ స్కెచ్ పెన్నుతోనే. ఖైదీలు ఒకరి తర్వాత ఒకరు లేచి కాగితం మీద వేలితో నొక్కి డబ్బు పంపారు. చివర్న అందరి చేతా గట్టిగా అనిపించింది ఒక్కటే మాట: డబ్బు మనకు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను కొట్టమని ఎవడైనా అడిగాడంటే మోసమే.

కుట్టుమిషన్ల చర్చ

కార్యవర్గంలో ఈ ఏడాది బాగా వేడెక్కిన విషయం ఇదే. విడుదలైన మహిళలకు కుట్టుమిషన్లు కొనిస్తామని ఇద్దరు ముగ్గురు దాతలు ముందుకొచ్చారు. వాళ్లకు కృతజ్ఞతలు. ఆ డబ్బును వేరే పనికి వాడుకుంటామని అడిగాం, వాళ్లు ఒప్పుకున్నారు.

కారణం చెప్పాలి. ఊళ్లో కుట్టుపని నడవాలంటే పక్కింటి ఆడవాళ్లు ఇంటికొచ్చి కొలతలిచ్చి, కాసేపు కూర్చుని కబుర్లాడాలి. జైలుకు పోయొచ్చినామె గడప తొక్కి జాకెట్టు కుట్టించుకునేవాళ్లు మొదటి ఏడాది ఎంతమంది ఉంటారు? ఇదివరకు మనమే ఇచ్చిన ఒక మిషన్ మీద ఇప్పుడు ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. కొనేవాడికి చేసేవాడి ముఖంతో పనిలేని చోట మాత్రం వీళ్లు నిలదొక్కుకుంటున్నారు. జైళ్ల శాఖ పెట్రోలు బంకులు అందుకు మంచి ఉదాహరణ. చంచల్‌గూడ బంకులో పెట్రోలు పోయించుకునేవాడు మీటరు సున్నా దగ్గర ఉందా లేదా అని చూస్తాడు, పైపు పట్టుకున్నది ఎవరో అడగడు. విడుదలైనవాళ్లకూ అక్కడ పని దొరుకుతోంది. తోటివాళ్లంతా ఆ దారిన వచ్చినవాళ్లే కాబట్టి దాచుకునేదీ ఉండదు. లోపల 'మై నేషన్' పేరుతో అమ్మే సరుకు తయారీలో బేకరీ పని నేర్చినవాళ్లకు బయట బేకరీల్లో, క్యాటరింగ్ వంటశాలల్లో చోటు చూస్తున్నాం. టైల్స్, సెంట్రింగ్ పనుల మేస్త్రీలు కూడా కొందరు ముందుకొచ్చారు.

"వాచ్‌మన్‌గా పెట్టేద్దాం" అని సభ్యులు తరచూ అంటుంటారు. సెక్యూరిటీ ఏజెన్సీ ద్వారా అది కుదరదు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం, కోర్టులో శిక్ష పడ్డవాళ్లను గార్డులుగా తీసుకోనివ్వదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు మొదట అడిగేది గల్ఫ్ గురించి. పాస్‌పోర్టు చట్టం ప్రకారం, నైతికంగా నీచమైన నేరంలో రెండేళ్లకు తగ్గకుండా శిక్ష పడితే దరఖాస్తును ఐదేళ్ల దాకా తిరస్కరించవచ్చు. ఆ ఐదేళ్లు లెక్కించేది శిక్ష పడిన నాటి నుంచి. విడుదల నుంచి అనుకుని ఊరికే కూర్చున్నవాళ్లూ ఉన్నారు. అయితే క్షమాభిక్ష షరతులు ఉన్నవాళ్లు ప్రొబేషన్ అధికారిని అడగకుండా ఏజెంటు చేతిలో డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాం.

లోపల ఎవరికి ఏ పని దొరుకుతుందన్నదీ బయటి బతుకును నిర్ణయిస్తుంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పజెప్పడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఊడ్చే పని ఒక కులానికి, వంట ఇంకో కులానికి అనే నిబంధనలను కొట్టేసింది, రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. తీర్పు వివిధ రాష్ట్రాల జైలు మాన్యువళ్ల గురించి. మనకు దాంతో పనేమిటంటారా? పదేళ్లు చీపురు పట్టించినవాడికి బయటికొచ్చాక చేతిలో మిగిలేది చీపురే.

ఊరు

పొలం గెట్టు పంచాయితీలో దాయాదిని చంపిన కేసులో శిక్ష అనుభవించి వచ్చిన ఒక పెద్దాయన విషయంలో మనకు ఎక్కువ కాలం పట్టింది. చనిపోయినతని భార్యాపిల్లలు అదే వాడలో ఉన్నారు. మనవాళ్లు ముందు ఆ ఇంటికే వెళ్లారు, ఈయన ఇంటికి కాదు. ఆ వరస ఇక మీదట కూడా మారకూడదని నా అభిప్రాయం. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసింది కాబట్టి మాజీ సర్పంచునే కూర్చోబెట్టుకుని మాట్లాడారు. చనిపోయినతని భార్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రానియ్యిండ్రి. గని నా ఇంటి ముందటికెల్లి పోవద్దు. నా కొడుకు పెండ్లి అయ్యేదాంక ఏ ఫంక్షన్‌ల కనవడొద్దు" అంది. పెద్దాయన ఒప్పుకున్నాడు. ఇప్పుడు పొలానికి చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోతున్నాడు. ఆ రెండు ఇళ్ల మధ్య రాజీ జరిగిందని ఎక్కడా రాయవద్దని మన పత్రిక బృందానికి మనవి. జరిగింది రాజీ కాదు.

ఈ సందర్భంలోనే ఒక సీనియర్ సభ్యులు లేచి, చంపినవాళ్ల మీద పెట్టే ఖర్చు చచ్చిపోయినవాళ్ల ఇళ్ల మీద ఎందుకు పెట్టరని నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. బాధిత కుటుంబాలకు పరిహారం ఇచ్చే పథకం చట్టంలోనే ఉంది, నాగరిక్ సురక్షా సంహితలో అది 396వ సెక్షన్. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పెట్టుకోవాలి. మనం ఊళ్లకు వెళ్లిన ప్రతిచోటా ఆ కుటుంబానికి ఈ సంగతి చెప్పి, కావాలన్నవాళ్లకు దరఖాస్తు రాసిపెడుతున్నాం. కొందరు మన కాగితం ముట్టుకోలేదు. అది వాళ్ల హక్కు.

పిల్లల విషయం క్లుప్తంగా. తల్లితో పాటు జైల్లో బిడ్డ ఆరేళ్లు నిండేదాకా ఉండవచ్చని 2006లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌పై నడిచిన ఒక కేసులో మార్గదర్శకాలిచ్చింది. ఆపైన ఆ పిల్లలు బంధువుల దగ్గరో వసతి గృహాల్లోనో పెరుగుతారు. తల్లి విడుదలయ్యేసరికి పిల్ల పది చదువుతూ ఉంటుంది, అమ్మను "మీరు" అంటుంది. ఇలాంటి తల్లీబిడ్డలను విడుదలకు ముందే కొన్ని ములాఖత్‌లలో కలపాలని ప్రయత్నిస్తున్నాం. ఛార్జీలు సంఘం భరిస్తోంది.

రిమాండ్ ఖైదీలు

దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంక సంస్థ 2022 లెక్క. ఆ ఏడాది చివర మొత్తం 5,73,220 మందిలో 4,34,302 మంది వాళ్లే. వీళ్లకు ఆర్నెల్ల ముందు తయారీ అనే మాట వర్తించదు, బెయిలు ఏ సాయంత్రమైనా రావచ్చు. మన న్యాయవాద సభ్యులు రెండు పనులు చూశారు. సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం గడిపితే బెయిలుకు అర్హులు. మరణశిక్షకో జీవిత ఖైదుకో వీలున్న నేరాలకు, వేరే కేసులు కూడా నడుస్తున్నవాళ్లకు ఇది వర్తించదు. పాత కేసులకూ వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాంటివాళ్లను గుర్తించి న్యాయ సేవాధికార సంస్థకు పేర్లిచ్చారు. బెయిలు వచ్చినా జామీను పెట్టుకోలేక లోపలే ఉన్నవాళ్ల కోసం, కేంద్రం పేద ఖైదీల సహాయ పథకంలో 2024-25లో 40,000 రూపాయల దాకా ఇచ్చేది. జరిమానా కట్టలేని శిక్షా ఖైదీలకైతే 25,000. పథకం ఉందని తెలియక ఆగిపోయిన కుటుంబాలే ఎక్కువ.

వచ్చే ఏడాదికి

అద్దె గది దొరకడం లేదు. ఉద్యోగం చూపించగలుగుతున్నాం, కాగితాలు చేయించగలుగుతున్నాం, ఇల్లు మాత్రం మన కాలనీలోనే దొరకడం లేదు. ఇందులో మన సభ్యుల ఇళ్లు కూడా ఉన్నాయి. మొదటి మూడు నెలల అద్దెకూ అడ్వాన్సుకూ సంఘమే పూచీ పడాలని, అద్దె ఒప్పందంలో సంఘం సంతకం కూడా ఉండాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో ఇది ఓటుకు వస్తుంది. గదులున్నవాళ్లు తప్పకుండా రండి, అభ్యంతరం ఉన్నవాళ్లు మరీ తప్పకుండా రండి.

పనిచేస్తున్న పాత స్మార్ట్ ఫోన్లు ఇంట్లో పడి ఉంటే, మీ ఖాతాలన్నీ తీసేసి, ఛార్జరుతో సహా ఆదివారం ఉదయం సంఘం కార్యాలయంలో ఇవ్వండి. సిమ్ము మేం చూసుకుంటాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి