980 రాకపోతే తప్పా?

సంపాదకులకు నమస్కారం.

శాస్త్రీయ పద్ధతి అంటే ఏమిటని అడిగితే పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అని తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలే, ప్రయోగశాలలో అడుగుపెట్టాక ఆ వరసను తలకిందులు చేస్తున్నారు. గుంటూరు, విజయవాడల్లో ఇంటర్ ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినరుగా వెళ్లినప్పుడు నేను చూసిన రికార్డుల్లో, దారానికి గుండు కట్టి ఊపే లఘులోలకం ప్రయోగం దగ్గర గురుత్వ త్వరణం (కిందపడే వస్తువు వేగం పెరిగే రేటు) విలువ దాదాపు అందరికీ 980 సెం.మీ./సె.² గానే ఉండేది. దారాలు వేరు, గుండ్లు వేరు, స్టాప్‌వాచ్ నొక్కిన చేతులు వేరు. సమాధానం మాత్రం ఒక్కటే. ముందుగా పుస్తకంలోని విలువను రాసుకుని, దానికి సరిపడే రీడింగులను వెనక్కి లెక్కగట్టి పట్టికలో నింపుతున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 961 వచ్చిందని భయంభయంగా వచ్చిన ఒక అమ్మాయితో 'రీడింగు కాస్త సర్దుకో తల్లీ, మార్కులు పోతాయి' అని నేనే అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

నిజానికి గుంటూరు అక్షాంశంలో ఆ విలువ సుమారు 978.4. మీటరు పొడవున్న లోలకం 20 డోలనాలకు, అంటే 20 పూర్తి ఊపులకు, దాదాపు 40 సెకన్లు తీసుకుంటుంది కనుక, వాచీ నొక్కడంలో సెకనులో ఐదో వంతు తేడా వచ్చినా ఫలితం 10 వరకు అటూఇటూ అవుతుంది. ఒకరికి 970, మరొకరికి 988 రావడమే సహజం. 1085 వచ్చిన విద్యార్థి బహుశా గుండును వదిలిన క్షణాన్ని సున్నా అనకుండా ఒకటి అని లెక్క మొదలుపెట్టి, 19 డోలనాలనే 20గా రాసి ఉంటాడు. ఆ పొరపాటును అతడే వెదికి పట్టుకోవడానికి పట్టే పావుగంటలో నేర్చుకునేది, నేను బోర్డు మీద నెలరోజులు చెప్పినా రాదు.

1672లో ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు జాన్ రిషే భూమధ్యరేఖకు చేరువలోని కయెన్‌కు వెళ్లినప్పుడు, పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలక గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. ఆయన దాన్ని పారిస్ లెక్కకు సర్దకుండా ఉన్నదున్నట్టు నమోదు చేశారు. లోలకం నెమ్మదించిందంటే అక్కడ గురుత్వం కాస్త తక్కువన్నమాట. భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా అణిగి ఉంటుందన్న న్యూటన్ వాదనకు ఆ నమోదు ఒక ఆధారమైంది.

ఉన్నదున్నట్టు నమోదు చేసే ఈ అలవాటును ఇంటర్ దాకా ఆగకుండా ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టవచ్చు. నూలుదారం, రెండు తాళంకప్పలు, సెల్‌ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. బరువైన తాళం త్వరగా ఊగుతుందా, తేలికైనదా అన్న ఊహను ముందు కాగితం మీద రాయించి, ఆ తర్వాతే కొలిపించాలి. తాళం మార్చినప్పుడు ముడి నుంచి తాళం నడిమి దాకా పొడవు మారకుండా చూసుకోమనాలి. బరువూ పొడవూ రెండూ ఒకేసారి మారితే తేడాకు కారణం ఏదో తేలదు.

పరీక్షల అధికారులకు నా విన్నపం ఒక్కటే. విద్యార్థి అప్పటికప్పుడు రాసుకున్న రీడింగులకు, వచ్చిన తేడాకు అతడు చెప్పే కారణానికి మార్కులు కేటాయించాలి. కొట్టివేతలున్నాయన్న కారణంతో రికార్డును తిరిగి రాయించవద్దని ఎగ్జామినర్లకు, అధ్యాపకులకు స్పష్టంగా చెప్పాలి.

— ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు