బెయిలొచ్చి ఐదు నెలలైంది, మా తమ్ముణ్ణి ఎప్పుడు వదులుతారు సార్?

గౌరవనీయులైన హోం మంత్రి గారికి,

ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను, మూడింటికీ రసీదులొచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మా తమ్ముడిది ఫోన్ దొంగతనం కేసు. చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది, దాని జోలికి నేను పోను. కానీ బెయిల్ ఇచ్చింది కూడా ఆ కోర్టే కదా సార్. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు, ఇంటి పన్ను రసీదో జీతం సర్టిఫికెట్టో ఉన్నవాళ్లు. మేం అద్దెకుంటాం. ఓనర్‌ని అడిగితే "సంతకం తప్ప ఇంకేదైనా అడుగమ్మా" అన్నాడు. కోర్టు బయట ఒకాయన తనే మనుషుల్ని తెస్తానని సంతకానికింత అని రేటు చెప్పాడు. ఒప్పుకునుంటే వాడు ఈపాటికి ఇంట్లో ఉండేవాడు, బుద్ధి లేక వద్దన్నాం.

పేద ఖైదీల కోసం 2023లో పెట్టిన పథకం ఉందిగా, బెయిల్‌కి 40 వేల దాకా కడతామని అప్పట్లో అన్నది. బెయిలొచ్చాక 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలువాళ్లే న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలట. జైల్లో అడిగితే లిస్టు పంపేశాం అంటారు, అక్కడికెళ్తే మాకేం రాలేదంటారు, కలెక్టరేట్‌లో అడిగితే ఆ డబ్బు మంజూరు చేసే కమిటీ ఇంకా కూర్చోలేదంటారు. కుర్చీలు తక్కువైతే చెప్పండి, చందాలేసుకుని కొనిస్తాం. నెలలోపు జామీను కట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టే తనంతట తాను చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలోనే చెప్పింది. ఆ మాట మా ఊరి దాకా రావడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో.

మొన్న ములాఖత్‌కి వెళ్లాను. జాలీకి అటూ ఇటూ అందరూ ఒకేసారి అరుస్తుంటారు, వాడేమంటున్నాడో వినబడలేదు. చెయ్యి జాలీకి ఆనించి చూపించాడు. వేళ్ల సందుల్లో గజ్జి, గోక్కుని గోక్కుని రక్తం గడ్డకట్టింది. ఒకరి పక్కన ఒకరు ఇరుక్కుని పడుకుంటారట, ఇక అంటుకోకుండా ఎలా ఉంటుంది? 2022 చివరి లెక్క ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇలా శిక్ష పడనివాళ్లే.

1894 నాటి జైళ్ల చట్టం పాతబడిందని నమూనా చట్టం తెచ్చారు, దాని పేరులో 'దిద్దుబాటు సేవలు' అని కూడా చేర్చారు. బాగుంది. జైళ్లను దిద్దాలా, అసలు ఎత్తేయాలా అని పెద్దవాళ్లు వాదించుకుంటున్నారు, తీరిగ్గా తేల్చుకోండి. కోర్టు పొమ్మన్న మనిషిని లోపలుంచి ఏం దిద్దుతున్నారో నాకైతే అర్థం కాలేదు.

దయచేసి ఆ కమిటీని కూర్చోబెట్టండి సార్, వచ్చే వాయిదాలోపే. అది కుదరకపోతే, ఈసారి ములాఖత్‌కి ఆయింట్‌మెంట్ తెస్తే లోపలికి పంపనిస్తారో లేదో, కనీసం అదైనా చెప్పండి.

ఇట్లు,
ఒక విచారణ ఖైదీ అక్క