వెన్న పడేదాకా ఊపనివ్వు

చిరంజీవి అమ్మడికి,

అమ్మ ఆశీస్సులు. మీ మూడో తరగతి పిల్లలకు ఈసారి 'లిటిల్ హౌస్ ఇన్ ది బిగ్ వుడ్స్' (అమెరికా అడవిలో గడిచిన తన చిన్నతనం గురించి లారా ఇంగల్స్ వైల్డర్ రాసిన నవల) చెప్పమన్నారని, 5 వారాలు ఇచ్చారని రాశావు. ఉన్నవి 13 అధ్యాయాలు. వారానికి మూడు చదివినా ఆఖరి వారం దాదాపు ఖాళీగా మిగులుతుంది. ఆ మిగిలిన రోజులు చేతిపనులకు వాడుకో.

ఆ పుస్తకంలో కథ తక్కువ, పని ఎక్కువ. అందుకే "తర్వాత ఏమైంది?" అని అడిగితే పిల్లలు రెండో రోజుకే నీరసపడతారు. "ఇది ఎలా చేశారు? ఈ నెలలోనే ఎందుకు చేశారు?" అని అడుగు. చలికాలం ముందు మొదలై మళ్లీ చలికాలం వచ్చేసరికి ముగిసే పుస్తకం అది. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో జరిగేదంతా ఆ చలిని తట్టుకోవడానికే.

మొదటి పేజీలోనే ఒక చిక్కుంది. "అరవై ఏళ్ల క్రితం" అని మొదలవుతుంది. పిల్లలు ఇవాళ్టి నుంచి వెనక్కి లెక్కపెట్టి, వాళ్ల తాతయ్యల చిన్నతనమనుకుంటారు. పుస్తకం అచ్చయింది 1932లో, కాబట్టి ఆ కాలం 1870ల మొదట్లోది. ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున తాడు కొలిచి గోడకు కట్టు. లారా ఇంగల్స్ వైల్డర్ పుట్టిన 1867 దగ్గర ఒక ముడి, అక్కడి నుంచి 65 సెంటీమీటర్ల దూరంలో 1932 ముడి, ఆవిడ పోయిన 1957 దగ్గర మరో ముడి, తాడు చివర ఈ ఏడాది. 65 ఏళ్ల వయసులో ఆవిడ తన చిన్నతనం రాసిందని తాడు చూస్తేనే తెలిసిపోతుంది. జ్ఞాపకం నుంచి రాసిన నవల ఇది, రోజూ రాసుకున్న డైరీ కాదు. ఈ మాట మొదటి రోజే చెప్పు, తర్వాత అవసరపడుతుంది.

మొదటి అధ్యాయానికి ఇంటి అడ్డుకోత బొమ్మ గీయించు: పైన అటక, మధ్యలో గది, కింద నేలమాళిగ. ఏ వస్తువు ఎక్కడ దాచారో చదివి అక్కడే గీయాలి. బంగాళాదుంప, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ కిందికి. గుమ్మడికాయలు, ఉల్లి, ఎండు మిరప అటక మీదికి. పిల్లల్లో కొందరు ఉల్లిని కూడా దుంపల పక్కన పెట్టేస్తారు. తప్పు దిద్దేసి ఊరుకోకు, కారణం అడుగు. నేల లోపల గడ్డకట్టేంత చలి చేరదు, తేమ ఉంటుంది, దుంపలకు అదే కావాలి. ఉల్లికి తేమ తగిలితే మొలకొస్తుంది, కుళ్లుతుంది.

మాంసం నిలవ చేయడమూ ఆ అధ్యాయంలోనే వస్తుంది. జింక మాంసానికి ఉప్పు పట్టించి, తొర్ర మానులో వేలాడదీసి, కింద హికరీ అనే చెట్టు పచ్చి చెక్కముక్కలతో పొగ పెడతారు. పచ్చి కట్టెలే ఎందుకంటే ఎండువి భగ్గున మండి మాంసాన్ని కాలుస్తాయి, పచ్చివి మంట లేకుండా పొగ ఇస్తాయి. ఉప్పు నీటిని లాగేస్తుంది, పొగ పైపొరను ఆరబెట్టి పురుగును దూరం పెడుతుంది. పందిని కోసేది చలి ముదిరాకే, లేకపోతే ఉప్పు పట్టేలోగా మాంసం పాడవుతుంది. పంది తోక కాల్చుకు తినడం, పంది మూత్రాశయాన్ని గాలితో ఊది బంతిలా ఆడుకోవడం ఉంటాయి. శాకాహారుల పిల్లలు, ముస్లిం, యూదు కుటుంబాల పిల్లలు ఉంటారు కనుక వారం ముందే ఇళ్లకు చిన్న చీటీ పంపు. అంతేగాని ఆ పేజీలు దాటేయకు. అవి తీసేస్తే ఆ ఇంట్లో చలికాలం ఏం తిన్నారో పిల్లలకు అర్థంకాదు.

ఇక వెన్న. ఈ ఒక్కటీ తరగతిలో మొదటి నుంచి చివరిదాకా చేయించు. నీకు కవ్వం తెలుసు కాబట్టి ఒక తేడా చెబుతా. మనం పెరుగు చిలుకుతాం, వాళ్లు మీగడ చిలుకుతారు. మన కవ్వం తాడు లాగితే గిర్రున తిరుగుతుంది. వాళ్లది మూతకున్న కంతలోంచి రోకలిలా పైకీ కిందికీ ఆడుతుంది. పిల్లలకు సీసా చాలు.

24 మంది అంటున్నావు కదా, నలుగురికొకటి చొప్పున అర లీటరు ప్లాస్టిక్ సీసాలు ఆరు తీసుకో. గాజువి వద్దు, చెయ్యి జారితే అంతే. ఒక్కోదాంట్లో 150 మిల్లీలీటర్ల హెవీ క్రీమ్ (చిక్కటి మీగడ) పొయ్యి. మొత్తం 900, అంటే 946 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి సరిపోతుంది. కొవ్వు 36 శాతానికి తగ్గకూడదు. కాఫీలో పోసుకునే పలచటి హాఫ్ అండ్ హాఫ్ తెస్తే సాయంత్రం దాకా ఊపినా వెన్న రాదు. సీసా మూడో వంతు కంటే ఎక్కువ నింపొద్దు, లోపల ఎగిరిపడే జాగా ఉండాలి.

ఎక్కువ తరగతుల్లో పని చెడేది వేడి దగ్గరే. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఊపితే కొవ్వు బిందువులు గట్టిగా ఉండి ఒకదానికొకటి అతుక్కోవు, అరగంటైనా ఫలితం ఉండదు. బాగా వెచ్చబడితే వెన్న జిడ్డులా తేలి చేతికి రాదు. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే 10, 15 నిమిషాల్లో అయిపోతుంది. అరగంట ముందు బయట పెట్టి, థర్మామీటరుతో చూసుకో.

చెవి పెట్టి వినమను. మొదట గలగల మంటుంది. నాలుగైదు నిమిషాలకు చప్పుడు ఆగిపోతుంది. అది నురగ మీగడ దశ. సీసాలో ఏమీ కదలదు, "టీచర్, పాడైపోయింది" అంటారు. సగం జట్లు ఆపేసేది అక్కడే. ఆపనివ్వకు, పిల్లలకు ఒక్కొక్కరికి 30 సార్లు చొప్పున వంతులు పెట్టు. ఉన్నట్టుండి లోపల ముద్ద 'ధబ్' మని గోడకు తగులుతుంది, చుట్టూ పలచని మజ్జిగ తేరుతుంది. అది పులవని మీగడ మజ్జిగ. మన చల్లలా పుల్లగా ఉంటుందనుకుని తాగినవాళ్లు ఆశ్చర్యపోతారు.

ముద్దను చన్నీళ్లలో నొక్కి కడగాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా, మూడు నాలుగుసార్లైనా. మజ్జిగ లోపల మిగిలితే రెండు రోజుల్లో పులిసిన వాసన వస్తుంది. కడగడమంటే శుభ్రం కోసమనుకుంటారు పిల్లలు, నిజానికి అది నిలవ కోసం. చివర చిటికెడు ఉప్పు. ఒక్కో సీసాకు 55, 60 గ్రాములు వస్తుంది. పాలు పడని పిల్లలెవరో ముందే కనుక్కుని వాళ్లకు లెక్కరాసే పని ఇవ్వు.

ఒక సీసాకు మాత్రం పుస్తకంలో అమ్మ చేసినట్టు రంగు వెయ్యి. అక్కడ ఆవిడ, మేకు కంతలు పొడిచిన పాత రేకు మీద క్యారెట్ తురిమి, పాలల్లో వేడిచేసి, గుడ్డలో పిండి మీగడలో కలుపుతుంది. నువ్వు ఒక క్యారెట్, పావు కప్పు పాలు తీసుకో, చల్లారాకే కలుపు. చలికాలంలో ఆవుకు పచ్చగడ్డి ఉండదు, ఎండుగడ్డిలో పసుపు రంగునిచ్చే కెరోటిన్ తక్కువ, అందుకే వెన్న తెల్లబడుతుంది. క్యారెట్‌లో ఉన్నదీ ఆ పదార్థమే. మన గేదె వెన్న ఏడాదంతా తెల్లగా ఉండడానికి కారణం వేరు, గేదె ఆ కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది. మీ బళ్లో తెలుగు పిల్లలుంటే ఈ పోలిక వాళ్లకు భలే నచ్చుతుంది.

మేపుల్ పానకం అధ్యాయానికి లెక్క మాత్రం చేయించు. సుమారు 40 లీటర్ల చెట్టు నీరు మరిగిస్తే ఒక్క లీటరు పానకం. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం ఉంటేనే చెట్టు నీరు కారుతుంది, 'షుగర్ స్నో' (వసంతంలో ఆలస్యంగా పడే మంచు) ఎందుకంత సంబరమో అందులోనే ఉంది. క్రిస్మస్ కోసం మంచు మీద మొలాసిస్ (చెరకు మడ్డి) పాకం పోసి చేసే మిఠాయి పిల్లల చేత చేయించకు. పాకం వంద డిగ్రీలు దాటుతుంది, చర్మానికి అంటుకుంటే వదలదు. నువ్వే చేసి చూపించు.

ఇంటి పనుల వారక్రమాన్నీ వదలకు: సోమవారం ఉతకడం, మంగళవారం ఇస్త్రీ, బుధవారం కుట్లు, గురువారం చిలకడం, శుక్రవారం శుభ్రం, శనివారం రొట్టెలు, ఆదివారం విశ్రాంతి. క్రమం మార్చి చూడమను. ఇస్త్రీ ముందు పెడితే ఏమవుతుంది? శనివారం రొట్టెలు కాల్చకపోతే పని చేయకూడని ఆదివారం ఏం తింటారు? వాదించుకోనీ.

పెద్దవాళ్లు సాధారణంగా తప్పించుకునే విషయం ఒకటుంది. ఉత్తరానికి నెల రోజులు నడిచినా ఇళ్లు లేవు, మనుషులు లేరు అని మొదటి పేజీలో ఉంటుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో పెపిన్ ఊరి దగ్గరి ఆ నేల అక్కడి ఆదివాసులైన డకోటా ప్రజలది, ఉత్తరాన ఓజిబ్వే ప్రజలది. 1837లో జరిగిన ఒప్పందాలతో అది ప్రభుత్వం చేతికి పోయింది. పైగా అదే పుస్తకంలో బంధువులు వచ్చిపోతుంటారు, తాత ఇంట్లో డాన్సు జరుగుతుంది. పుస్తకం నుంచే సాక్ష్యం వెతకమను, పిల్లలు పోలీసుల్లా పట్టేస్తారు. లారా కుటుంబం 1869లో కాన్సస్ వెళ్లి 1871లో తిరిగొచ్చింది, ఆవిడకు గుర్తున్న అడవి ఆ తర్వాతిదే. పుస్తకాల్లో మాత్రం అడవి ముందు, కాన్సస్ తర్వాత. తాడు మీద ఆ ముడులూ వెయ్యి.

పుస్తకంలో లారా నాన్న ఫిడేలు వాయిస్తూ పాడే పాటల్లో ఒకదాంట్లో నల్లజాతివారిని కించపరిచే పాతమాట ఉంది. పైకి చదివే ముందు నువ్వు ఆ పేజీ చూసుకుని, ఏం చెప్పాలో నిర్ణయించుకో. లారా కుటుంబం కథలో తర్వాతి పుస్తకం 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రైరీ' కూడా చెప్పాల్సొస్తే ఇంకా జాగ్రత్త కావాలి, అక్కడ ఇల్లు కట్టుకున్నది ఓసేజ్ అనే ఆదివాసుల భూమిలో. 1935 ముద్రణలో అక్కడ మనుషులు లేరు, ఇండియన్లు (అంటే అక్కడి ఆదివాసులు) మాత్రమే ఉన్నారన్నట్టున్న వాక్యాన్ని 1953లో 'మనుషులు' బదులు 'సెటిలర్లు' (వలస వచ్చి స్థిరపడినవాళ్లు) అని మార్చారు. ఆ రెండు వాక్యాలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే చాలు, ఒక పీరియడ్ గడిచిపోతుంది.

ముందు రోజే సీసాల్లో నీళ్లు పోసి, మూత బిగించి, తలకిందులుగా పట్టుకుని చూడు. ఒక్కటి కారినా ఆ క్రీమ్ అంతా తివాచీ మీదే.

ఉంటాను,
మీ అమ్మ