సింహం బొమ్మ గీసిందెవరు?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సాహిత్య పేజీలో మధ్యయుగపు ఇంగ్లీషు సాహిత్యంలో స్త్రీల గురించి వచ్చిన వ్యాసం చదివాను. 14వ శతాబ్దపు కవి ఛాసర్ రాసిన 'కాంటర్‌బరీ కథల్లో' దారిలో కథలు చెప్పుకునే యాత్రికుల్లో ఒకతె అయిన వైఫ్ ఆఫ్ బాత్, అంటే మన ఆలిసన్, తొలి స్త్రీవాది అని తేల్చేసి అక్కడితో సరిపెట్టారు. 20 ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు ఆ పాఠం చెప్పినదాన్ని. ఆలిసన్ అంటే నాకూ ప్రాణమే. అందుకే ఈ ఉత్తరం.

ఆలిసన్‌కు 12వ ఏట మొదటి పెళ్లి, మొత్తం అయిదుగురు మొగుళ్లు. అయిదోవాడు జాంకిన్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. అతనికి 20, ఆమెకు 40. చెడ్డ పెళ్లాల కథలున్న పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుని పొద్దస్తమానం నవ్వుకుంటూ చదువుతుంటాడు. ఓ రాత్రి మంట ముందు కూర్చుని చదువుతుంటే విని విని విసిగి, ఆవిడ మూడు కాగితాలు చింపేసి చెంప మీద ఒక్కటిచ్చింది. అతను వెనక్కి మంటలో పడ్డాడు. లేచి కొట్టిన దెబ్బకు ఆమెకు ఒక చెవి వినపడకుండా పోయింది. ఈ గొడవంతా చెబుతూనే "సింహం బొమ్మ గీసిందెవరో చెప్పండి?" అని నిలదీస్తుంది. మనిషి సింహాన్ని చంపుతున్న బొమ్మ చూసి, గీసింది సింహమే అయితే తీరు వేరుగా ఉండేదన్న పాత నీతికథ అది.

చిక్కంతా అక్కడే ఉంది. ఆ ప్రశ్న వేసిన ఆలిసన్‌ను గీసిందీ ఓ మగవాడే. ఆమె చేసే వాదనల్లో చాలావాటిని ఛాసర్, పాతకాలపు క్రైస్తవ గురువు సెయింట్ జెరోమ్ పెళ్లిని తక్కువ చేస్తూ రాసిన లాటిన్ గ్రంథంలోంచి తెచ్చాడు. జాంకిన్ పుస్తకంలో అదీ ఉంది. ఏ పుస్తకాన్ని చింపిందో ఆ పుస్తకపు కాగితాలతోనే ఆమెను కుట్టాడన్నమాట.

ఇక ఆమె చెప్పే కథ. ఆర్థర్ రాజు కొలువులోని ఓ యోధుడు ఒంటరిగా వెళ్తున్న అమ్మాయిని బలాత్కరిస్తాడు. మరణశిక్ష పడుతుంది. రాణీ, ఆమెతో ఉన్న స్త్రీలూ రాజును బతిమాలి వాణ్ని తమ చేతికి తీసుకుంటారు. ఆడవాళ్లకు అన్నిటికంటే ఏం కావాలో ఏడాది మీద ఒక రోజులో తెలుసుకు రమ్మంటారు. జవాబు: మొగుడి మీద పెత్తనం. దాన్ని బోర్డు మీద రాసి, పిల్లల చేత కింద గీత గీయించి, పరీక్షకు ముఖ్యం అనేదాన్ని. ఓ ఏడాది వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, "మరి ఆ అమ్మాయి ఏమైంది మేడమ్?" అంది. పుస్తకం తిరగేశాను. ఏమీ కాలేదు, మళ్లీ ఆమె ఊసే లేదు. చేసినవాడికి మాత్రం చివర్లో అందమూ గుణమూ ఉన్న పెళ్లాం. రాణి చేతికి అధికారం వచ్చింది, అది వాడి ప్రాణం కాపాడటానికి పనికొచ్చింది. గంట కొట్టేశారు కాబట్టి బతికిపోయాను.

సింహం తన బొమ్మ తానే గీసుకుంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఇంగ్లండులోని లిన్ పట్టణపు మార్జరీ కెంప్ దగ్గరికి వెళ్లాలి. 14 మంది పిల్లల్ని కన్నది. బీరు కాచే వ్యాపారం పెట్టి దెబ్బతింది, గుర్రాలతో తిప్పే పిండిమర పెట్టి మళ్లీ దెబ్బతింది. జెరూసలేం, రోమ్ చుట్టి వచ్చింది. తన కథ తాను చెప్పి రాయించుకుంది. రాసిన చేతులు మగవాళ్లవే, కాదనను. కానీ ఈ కింది సంగతి ఏ పండితుడి బుర్రకూ తట్టేది కాదు.

1413 జూన్‌లో ఓ శుక్రవారం, మండే ఎండలో, యార్క్ నుంచి మొగుడూ పెళ్లాలు నడిచొస్తున్నారు. ఆమె చేతిలో బీరు సీసా, అతని చొక్కా లోపల కేకు. "నీ మొగుడితో కాపురం చేస్తావా, లేక అతని తల నరకనా అని ఎవడైనా కత్తి పట్టుకొస్తే ఏమంటావ్?" అన్నాడతను. నరికినా సరే అంది. "నువ్వు మంచి పెళ్లానివి కాదు" అన్నాడు. చివరికి బేరం కుదిరింది. అతని అప్పులు ఆమె తీరుస్తుంది, శుక్రవారం ఉపవాసం మాని అతనితో కలిసి తింటుంది, అతను ఇక పక్కలోకి రాడు. తాకట్టు విడిపించుకున్నట్టు తన ఒంటిని తాను విడిపించుకుంది.

తర్వాత ఆమెను యార్క్ ఆర్చిబిషప్ ముందు నిలబెట్టి, ఆడది బోధ చేయకూడదని బైబిల్లోని సెయింట్ పాల్ మాట చూపించారు. నేను పీఠం ఎక్కడం లేదండీ, నాలుగు మంచి మాటలు మాట్లాడతానంతే అంది.

ఆమె సలహా కోసం వెళ్లి కలిసిన నారిచ్ జూలియన్ ఇంకో తీరు. చర్చికి ఆనుకున్న గదిలో తనను తాను మూసుకుని, క్రీస్తును మన తల్లి అని రాసింది. ఆడమనిషి రాసిందని మనకు తెలిసిన ఇంగ్లీషు పుస్తకాల్లో మిగిలినవాటిలోకెల్లా అదే పాతది.

నా చదువులో ఈ ఇద్దరూ లేరు. మార్జరీ పూర్తి రాతప్రతి 1934 దాకా ఓ ఇంట్లో మరుగున పడి ఉంది. పింగ్‌పాంగ్ బ్యాట్ల కోసం బీరువా వెతుకుతుంటే దొరికిందంటారు. నాకు దొరికింది మాత్రం రిటైరయ్యాకే.

వ్యాసకర్త రెండో భాగం రాస్తే ఆ శుక్రవారపు ఎండతో మొదలుపెట్టమని మనవి. వెనక బెంచీ పిల్ల ఇప్పుడెక్కడుందో. మీ పేపరే చదువుతుంటే బాగుండు.

— ఒక విశ్రాంత ఇంగ్లీషు లెక్చరర్