చెన్నై తెలుగు కుటుంబాల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా చదివి వినిపిస్తారు. నేను చెప్పవలసిందల్లా మన పిల్లలు వాగ్గేయకారుల మీద, అంటే పాట రాసి వరసా తామే కట్టినవాళ్ల మీద, వ్యాసాలు రాస్తూ చేసిన పని గురించే.

మొదటి విడత వ్యాసాలు చూసి కార్యవర్గం దిగులుపడింది. త్యాగరాజస్వామి మీద నలుగురు రాస్తే నాలుగింట్లోనూ అవే వాక్యాలు. అన్నీ వెనక్కిచ్చి, ప్రతి సంగతి పక్కనా "ఇది నాకెలా తెలిసింది" అన్నది కూడా రాసుకు రమ్మన్నాం. అక్కణ్ణించే అసలు పని మొదలైంది.

మన పిల్లలకు తెలుగు ఇంట్లో మాటగా వచ్చు, అక్షరంగా రాదు. సుబ్బరామ దీక్షితులుగారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఆ లోటు తీర్చింది. 1904లో ఎట్టయపురంలో, అంటే తమిళనాట, తెలుగు లిపిలో అచ్చయిన గ్రంథమది. ముత్తుస్వామి దీక్షితులవారి కీర్తనలు స్వరాలతో సహా అందులో ఉన్నాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఆ పేజీల నకలు మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతూ, ఒక స్వరం మీదున్న మెలికల గీత దగ్గర ఆగిపోయింది. "ఇదేంటి ఆంటీ?" అంది. కంపితానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించే గమకానికి, గుర్తు అది. మన వీణ టీచరుగారు ఆ స్వరాన్ని ముందు గమకం లేకుండా, తర్వాత తీగ లాగి కదిలిస్తూ వాయించారు. పిల్ల పేజీ వంక చూసి, మళ్లీ వాయించమంది. దీపావళి నాటికి అదే గ్రంథంలోని వాగ్గేయకార చరిత్రము తడుముకోకుండా చదివింది.

ఒక అబ్బాయి అన్నమాచార్యులవారిని (1408–1503) తీసుకున్నాడు. తిరుమల రాగిరేకుల మీద సంకీర్తనకు రాగం పేరుంది గానీ స్వరాలు లేవు. మనం ఇప్పుడు పాడుకునే వరసల్లో చాలావాటిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు గత శతాబ్దంలో కట్టారు. ఈ మాటకు వాళ్ల నాయనమ్మగారు ఒప్పుకోలేదు, తన పాట తన అమ్మమ్మ నేర్పిందన్నారు. వాడు రేకుల్లో ఏముందో రాశాడు, నాయనమ్మ చెప్పిందీ రాశాడు. ఏది ఎక్కడిదో విడివిడిగా చెప్పాడు. ఈ ఏటి వ్యాసాలన్నిట్లో నాకు బాగా నచ్చింది అదే.

మాఘమాసంలో తిరువయ్యారు వెళ్లొచ్చాం. త్యాగరాజస్వామి సమాధికి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న బెంగుళూరు నాగరత్నమ్మగారి విగ్రహాన్ని చూసి, ఆమె ఎవరని పిల్లలే అడిగారు. ఆ మందిరం ఆమె సొంత సొమ్ముతో కట్టించిందని, అక్కడ ఆడవాళ్లు పాడే హక్కు కోసం ఆమె నిలబడిందని చెప్పాం. తిరుగు ప్రయాణంలో ఇద్దరమ్మాయిలు వచ్చే ఏటికి తమ అంశం ఆవిడేనని ముందే చెప్పేశారు.

ఒక్క మనవి. మీ ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు రాసుకున్న పాత పాటల పుస్తకాలుంటే, చెదలు పట్టినవైనా సరే, ఆదివారం ఉదయం సంఘం గదికి తీసుకురండి. పిల్లలు మీ ఎదుటే ఫొటోలు తీసుకుని, పుస్తకం మీ చేతికే ఇచ్చేస్తారు.

కార్యదర్శి